మూల మీది గిర్నీ

కరీంనగర్‌లో మా వాడకు కరెంటు వచ్చిన కొత్తలో పిండిగిర్నీ పెడదామన్న ఆలోచన నాది. మా ఆయన ఒక నూనె మిల్లులో ఇంజను నడిపేవాడు. మా ముందరి అర్రలోనే మోటరు బిగిస్తే ఇంకొకరి కింద పనిచేసే బాధ తప్పుతుందనుకున్నాను. ఆ మాట మొదట చెప్పింది మా యారాలితోనే, అంటే మా బావ భార్యతో. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు వాళ్లకు రోడ్డు మూల మీది ఇల్లు వచ్చింది, మాకు దాని వెనక సందులోది.

మా వాడ కాపురాలకేనని, అక్కడ మోటరు పెట్టాలంటే ప్రత్యేకంగా మినహాయింపు కావాలని మునిసిపాలిటీలో చెప్పారు. దరఖాస్తు పెట్టాం. ఓవర్సీరు వచ్చి సందు కొలిచాడు, ఇరుగుపొరుగును అడిగాడు. ఎవరూ వద్దనలేదు. అయినా ఇవ్వలేదు. సందు ఇరుకు, బండ్లు ఆగితే మనుషులకు దారి ఉండదన్నారు.

ఆ ఎండాకాలం దాటకముందే బావ దరఖాస్తు పెట్టాడు. వాళ్లది పెద్ద రోడ్డు కాబట్టి, పగటిపూట మాత్రమే నడపాలన్న షరతుతో మినహాయింపు ఇచ్చారు. ఆ సంగతి వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా వాళ్లింటికి పోయాను.

“అక్కా, గిర్నీ ముచ్చట నీకు జెప్పింది నేను గాదా?”

“జెప్పినవ్ చెల్లె. మీకు ఇయ్యలే, మాకు ఇచ్చిండ్రు. గండ్ల నా తప్పేంది? ఊకె పరేషాన్ గాకు,” అంది తమలపాకుకు సున్నం రాస్తూ. తిట్టినా అంత మండేది కాదు.

పైగా బావ మా ఆయన్నే నడపమన్నాడు. ఈయన సంతోషంగా ఒప్పుకున్నాడు. సాయంత్రం కనుబొమ్మల దాకా పిండి పట్టించుకొని వచ్చేవాడు. దులుపుకుంటే గాని గడప దాటనిచ్చేదాన్ని కాదు. మా జొన్నలు మాత్రం గంప నెత్తిన పెట్టుకొని ఇంకో వాడకు తీసుకుపోయేదాన్ని.

“మనం నడిపే గిర్నీ ఇడిసిపెట్టి ఏడికి వోతవే?” అని నవ్వేవాడు.

“మనది గాదు. మీ వదినెది.”

పొద్దంతా ఆ మోటరు చప్పుడు మా గోడల్లోంచి వినబడేది. కరెంటు పోయి అది ఆగితే నాకు ప్రాణం లేచివచ్చేది. వాళ్ల అరుగు మీద గంపలు వరుసగా కనిపించిన రోజు అన్నం సయించేది కాదు.

ఒకరోజు ఒక ముసలమ్మ మిరపకాయలు పట్టించడానికి వచ్చింది. జొన్నపిండి ఘాటెక్కుతుందని యారాలు కాదంది. ఆమె మా సందులోంచి తిరిగి పోతుంటే నేను పిలిచి, రోట్లో దంచి ఇచ్చాను. ఆమె ఇంకో ఇద్దరిని పంపింది. చూస్తుండగానే గిర్నీకి వచ్చిన ఆడవాళ్లు మిరపకాయలతో, పసుపు కొమ్ములతో మా గుమ్మం ముందు కూర్చోవడం మొదలైంది.

కొన్నాళ్లకు ఓవర్సీరు మళ్లీ వచ్చాడు. కాపురాల వాడలో వ్యాపారం నడుస్తోందని ఎవరో ఫిర్యాదు చేశారట.

“ఎవరు సార్ చెప్పింది?” అన్నాను.

పేరు చెప్పలేదు. రోటి దాకా వచ్చి, ఆగకుండా తుమ్మి, కళ్లు తుడుచుకున్నాడు. “రోకలికి మోటరు లేదు గదమ్మా. దీనికి మినహాయింపు ఎందుకు? దంచుకో,” అని వెళ్లిపోయాడు.

ఆ మాట నేను రోడ్డు మూలకు వినబడేటట్టు అందరికీ చెప్పాను.

మామిడికాయ తొక్కులు పెట్టే రోజుల్లో యారాలు తానే మిరపకాయల గంప పట్టుకొని వచ్చింది.

“చెల్లె, జర జల్ది దంచియ్యవా?”

“కూసో అక్కా. వీళ్లవి అయినంక నీది.”

మధ్యాహ్నం దాకా కూర్చుంది. వచ్చేవాళ్లను, పోయేవాళ్లను, నా రోలును చూస్తూ ఉంది. మా గుమ్మంలో నిలబడి వాళ్ల అరుగును నేనెలా చూసేదాన్నో అచ్చం అలాగే. నాకు కడుపు నిండిపోయింది.

ఆమె కారం మాత్రం అందరికంటే మెత్తగా దంచి, రెండుసార్లు జల్లెడ పట్టాను. వంక పెట్టడానికి ఆమెకు సందు ఇవ్వదలచుకోలేదు.