పిడికిలి లెక్క

మా తాత పడవను తిప్ప మీదికి ఎక్కించలేదు. అరవై ఏళ్లు దాటాక కూడా ఈ మాట నేనే చెప్పాల్సి రావడం నాకు ఒళ్లు మండే విషయం. మా వాళ్లలో ఎవరైనా పెళ్లిలోనో పురుటిలోనో ఆ సంగతి ఎత్తితే, "పాపం, ముసలాయనకి కళ్లు ఆనక" అంటారు. కళ్లు ఆనకపోవడం నిజమే. మిగతాదంతా అబద్ధం. నా దగ్గర లెక్క ఉంది.

అక్షయ నామ సంవత్సరం, ఫాల్గుణం. ఇంగ్లీషు లెక్కలో 1927 మార్చి. నాకు పన్నెండో ఏడు నడుస్తోంది. తాత రంగూనులో ఒక షావుకారు కుండల పడవకు చుక్కాని పట్టేవాడు. ట్వంటే ఊళ్లో కుండలూ జాడీలూ ఎత్తుకుని, కాలువ వెంట వచ్చి, పెద్ద ఏరు దాటి, రంగూను లత పేట రేవులో దించాలి. తెడ్లు వేసేవాళ్లు నలుగురు. ముందు నిలబడి వెదురు గెడతో లోతు చూసేవాడు మా మావయ్య, అంటే తాత కొడుకు. తాత, నేను. మొత్తం ఏడుగురం.

నన్ను ముద్దు కొద్దీ ఎక్కించుకున్నాడనుకునేవారు చాలామంది. అమ్మ పోయాక నన్ను చూసేవాళ్లు లేక పడవ ఎక్కిన మాట నిజం. కాని రెండేళ్లలో తాత కళ్లకు పొర కమ్మింది. ఒడ్డున ఉన్న గుర్తులు ఆయనకు మసకగా కూడా కనబడేవి కావు. అవతలి ఒడ్డు తాడిచెట్టూ దాని వెనక గుడి గోపురమూ ఒక గీతలోకి ఎప్పుడు వచ్చాయో చెప్పేది నేను. చుక్కాని తిప్పేది ఆయన. అది ముద్దు కాదు, పని.

తాత కుర్రతనంలో కోరంగి నుంచి తెరచాప ఓడలో ఈ దేశం వచ్చాడు. సముద్రం మీద ఆయనకు నేర్పినవాళ్లు నేర్పినట్టే నాకూ నేర్పాడు. పడవ అడుగు బల్లల మీద వెల్లకిలా పడుకోబెట్టి కళ్లు మూసుకోమనేవాడు.

"ఏటి సెప్తంది నీరు?"

"ఎడమనుంచి తోస్తంది తాతా."

"అది పడవ ఊగులాట. నీరేటి సెప్తందని అడిగినాను."

మొదటి రోజు పదకొండుసార్లు తప్పు చెప్పాను. పన్నెండోసారి వీపు కింద రెండు రకాల కదలిక తెలిసింది. ఒకటి కాలువది, పొట్టిగా గబగబా తగిలేది. రెండోది సముద్రం నుంచి ఏటిలోకి ఎక్కే పోటుది, పొడుగ్గా ఆలస్యంగా వచ్చేది. చెప్పాను. తాత మెచ్చుకోలేదు. "మరింక లెగు" అన్నాడు. ఆయన మెచ్చుకోలు అంతే.

తరువాత పోటు వేళ లెక్క కట్టడం నేర్పాడు. మా రేవులో అమావాస్యకూ పున్నమికీ మధ్యాహ్నం తరువాత పది గడియలకు నిండు పోటు. అక్కడి నుంచి రోజుకు రెండు గడియలు ఆలస్యం. ఒక పోటుకూ తరువాతి పోటుకూ నడుమ ముప్ఫై ఒక్క గడియలు. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఇది లెక్క కాబట్టి నాకు ఇట్టే వచ్చింది. అయితే ఏ రోజు నడుస్తోందో పంచాంగం చూసి కాదు, చంద్రుణ్ణి చూసి తేల్చాలనేవాడు. చెయ్యి బారుగా చాపి, పొద్దు గుంకే వేళ చంద్రుడు తూర్పు గట్టుకు ఎన్ని పిడికిళ్ల ఎత్తులో ఉన్నాడో కొలవాలి. ఒక్క రోజుకు చంద్రుడు ఒకటింబావు పిడికిలి కిందికి దిగుతాడు. ఆయనకు చంద్రుడు కనబడడు కనుక ఆ పిడికిళ్లు నావి. రోజూ కొలిచి బొగ్గుతో చుక్కాని పక్క బల్ల మీద గీసేదాన్ని.

మావయ్యకు ఇది నచ్చేది కాదు. ఆయన దగ్గర రాజమండ్రిలో అచ్చువేసిన పంచాంగం ఉండేది. చదువుకున్నవాడు. చుక్కాని తనకు రావాల్సిందని అనేవాడు.

ఆ రోజు కాలువ మూతి దగ్గర పాక పక్కన పడవ కట్టి ఉన్నాం. ట్వంటేలో ఎత్తినవి అయిదు వందల అరవై. పాకలో ఇంకో ఎనభై జాడీలు ఉన్నాయి. వాటిని కూడా ఎక్కించాలని షావుకారు గుమస్తా నిలబడ్డాడు. కాలువ మూతికి బయట పొడుగాటి ఇసుక తిప్ప ఉంది. నిండు పోటు మీద తప్ప ఏ పడవా దాన్ని దాటలేదు.

"మజ్జానం దాటినాక మూడు గడియలకి పోటు నిండుద్ది. రెండున్నరకి కట్టు విప్పాలి. జాడీలకి టయిం లేదు," అన్నాడు తాత.

మావయ్య పంచాంగం తీశాడు. "నిన్న ఏకాదశి. ఇయ్యాల త్రయోదశి. నడుమ ద్వాదశి లోపించింది. రెండు తిథులు దాటితే నిన్నటి ఒక గడియకి నాలుగు గడియలు కలపాల. అయిదుకి పోటు. ఎనభై ఏటి, నూటెనభై ఎత్తొచ్చు."

"ద్వాదశి కాయితంలో లోపించిందిరా. సెందురుడు ఎగిరి దూకీసినాడేటి?"

"అచ్చులో ఉన్నదాని కన్నా నీకెక్కువ తెలుసా అయ్యా?"

నేను బల్ల చూపించాను. "మొన్న సాయంత్రం అయిదుంబావు పిడికిళ్లు. నిన్న నాలుగు. ఒక్క రోజు నడకే నడిచాడు మావా. రెండు గడియలే కలపాలి."

గుమస్తా నవ్వాడు. "ఓలమ్మీ, నీ పిడికిలి ఎంత, సెందురుడు ఎంత! పోయి అన్నం వండు."

జాడీలు ఎక్కాయి. తాత చుక్కాని వదిలి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. చుక్కాని మావయ్య పట్టాడు. కట్టు విప్పేసరికి మధ్యాహ్నం దాటి నాలుగు గడియలు. తిప్ప దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర. అప్పటికి గడియన్నర నుంచి నీరు తీస్తోంది. బల్లల కింద ఇసుక రాసుకుంటూ వచ్చిన చప్పుడు మొదట విన్నది తాతే. "ఆపండి" అన్నాడు. ఆపడానికి ఏముంది, అదే ఆగింది.

నీరు దిగేకొద్దీ పడవ ఎడమకు ఒరిగింది. పై వరస కుండలు ముందు జారాయి, తరువాత మధ్య వరస. తెడ్లవాళ్లు మోకాటి లోతు బురదలో దిగి వీపులు ఆనించారు. నడిరేయి దాటాక మళ్లీ పోటు వచ్చి పడవను తేల్చింది. రేవులో నేనే లెక్కపెట్టాను. మొత్తం ఆరు వందల నలభై. పగిలినవి మూడు వందల పన్నెండు. ఎవరూ అడగకుండానే లెక్కపెట్టాను.

మర్నాడు లతలో షావుకారు ఇంటి మేడ వసారాలో మమ్మల్ని నిలబెట్టారు. తెడ్లవాళ్లను కింద వీధిలోనే ఆపేశారు. వాళ్లను ఒక్క మాట అడగలేదు. ఇది నేను మరిచిపోను.

"పోటు వేళ చెప్పిందెవరు?" అన్నాడు షావుకారు.

గుమస్తా తాత వైపు చూశాడు. మావయ్య నేలకేసి చూశాడు. "ముసలాయనే బాబూ. కళ్లు లేవు కదా. పైగా పడవలో ఆడపిల్ల," అన్నాడు గుమస్తా.

"అబద్ధం!" అన్నాను. పిడికిలి చాపి చూపించాను. ఏకాదశి నుంచి లెక్క మొదలుపెట్టాను. షావుకారు రెండు నిమిషాలు వినుంటే తేలిపోయేది. ఆయన వినలేదు. నేను అక్కడ లేనట్టే తాత వైపు తిరిగాడు. "ఏమయ్యా ముసలీ, నువ్వు చెప్పు," అన్నాడు.

తాత చేతులు కట్టుకున్నాడు. "నానే సెప్పినాను బాబూ. తప్పు నాదే."

ఆ పూటే తాతను పడవ దించేశారు. చుక్కాని మావయ్యకు ఇచ్చారు. తాతతో పాటు నేనూ దిగిపోయినట్టే. నన్ను దించుతున్నామని చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

వీధిలోకి వచ్చాక ఆయన చెయ్యి పట్టుకున్నదాన్ని వదిలేశాను.

"ఎందుకు అలా చెప్పావు?"

"మీ మావకి ముగ్గురు పిల్లలున్నారే. కూలి పోతే ఏటి తింటారు? నాకెవులున్నారు?"

"నేను లేనా?"

 ఆయన్ని అక్కడే నిలబెట్టి నడిచాను. నలభై రెండు అడుగులు. రిక్షాల మధ్య ఆయన కదలకుండా నిలబడి ఉన్నాడు, ఎటు అడుగు వేయాలో తెలియక. వెనక్కి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. క్షమించి కాదు. రిక్షాలు వస్తున్నాయని.

సంచౌంగ్‌లో మా గదికి మావయ్య అయిదు రోజుల తరువాత సాయంత్రం వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, తాతను కాక గోడను అడిగినట్టు అడిగాడు, "రేపు పోటెప్పుడో?"

"పంచాంగంలో లేదేటి?" అన్నాను.

"గుంటా, పెద్దోళ్లతో ఎటకారమా?"

"నాకు తెలుసు. చెప్పను. రేవులో నలుగురూ వింటుండగా అడుగు, నలుగురూ వింటుండగా చెబుతాను."

మావయ్య వెళ్లిపోయాక తాత మెల్లిగా అన్నాడు, "పడవలో తెడ్లోళ్లు నలుగురున్నారే. ఆళ్లేటి తప్పు సేసినారు?"

"నోరు మూసుకున్నారు."

"నోరు తెరిస్తే ఆళ్ల కూలీ పోద్ది. సెందురుణ్ణి సూసి రాయే."

నాకు ఇష్టం లేకపోయినా తెల్లవారగట్ల చంద్రుణ్ణి కొలిచాను. బహుళ పంచమి. పున్నమి దాటాక పడమట కొలవాలి: ఆరు పిడికిళ్లు. తాతను నడిపించుకుని రేవుకు వెళ్లాను. ఖాళీ పడవ బయలుదేరబోతోంది. మావయ్య చుక్కాని దగ్గర నిలబడి "కదలండి" అన్నాడు. నన్ను చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు. అడగలేదు.

తెడ్లు నీళ్లలో పడలేదు. ముందు తెడ్డు వేసేవాడి తల్లి బర్మా మనిషి. తాతను వాళ్ల మాటలో 'అఫో', అంటే తాతా అనీ, నన్ను 'మలే', అంటే చెల్లెమ్మా అనీ పిలిచేవాడు. అతను తెడ్డు ఒళ్లో పెట్టుకుని రేవు మెట్ల మీద ఉన్న మా వైపు తల ఎత్తాడు.

"మలే, పోటెప్పుడు?"

"పొద్దు పొడిచాక నాలుగు గడియలకు నిండు," అని రేవంతా వినబడేలా అరిచాను. "ఇంకా గడియన్నర ఆగాలి."

"ఆడపిల్లకి రేవులో అరుపులేటి? సుక్కాని నాది!" అన్నాడు మావయ్య.

"నీదే, ఎవులు కాదన్నారు? పట్టుకునుండు. తెడ్లు మావి," అన్నాడతను. వెనక ముగ్గురూ నవ్వారు. ఒకడు బీడీ వెలిగించాడు. మావయ్య ఎండకు పంచాంగం నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఏడు వానలు ముగిసేదాకా ప్రతి ప్రయాణానికీ అలాగే జరిగింది. మబ్బులో చంద్రుడు కనబడని రోజుల్లో రోజుకు రెండు గడియలు కలుపుకుంటూ చెప్పాను. పడవ ఒక్కసారి కూడా తిప్ప తాకలేదు. షావుకారు పుస్తకంలో చుక్కాని మనిషిగా మావయ్యే ఉన్నాడు. అతను ఒక్కసారీ నన్ను తన నోటితో అడగలేదు. షావుకారు అతని నేర్పును మెచ్చుకున్నాడని విన్నాను.

ఆ మొదటి ఉదయం గడియన్నర గడిచాక తెడ్లు పడ్డాయి. తాత మెట్టు మీద కూర్చుని తల వంచి విన్నాడు.

"నాలుగు తెడ్లూ ఒక్కపాలే పడినాయి," అన్నాడు సంతోషంగా.

నేను ఆయన చేతులు చూశాను. షావుకారు ముందు కట్టుకున్న చేతులవే, మోకాళ్ల మీద ఉన్నాయి. ఆయన చెప్పిన ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటే తీసుకోవచ్చు, షావుకారు ఇల్లు ఆ రేవుకు రెండు వీధులే. ఇంకా ఎనిమిదేళ్లు బతికాడు. తీసుకోలేదు.