తట్ట కింద చుట్టకుదురు

బందరు మ్యూజియంలో కాపలా కాసే మాణిక్యం మధ్యాహ్నం రెండైతే ఖాకీ చొక్కా సర్దుకుని పెద్ద ఫ్యాను వేస్తాడు. చేపలమ్మిన ఆడవాళ్ళు తట్టలు మెట్ల మీద వదిలి, కాళ్ళు కడుక్కుని, బొమ్మల ముందు చతికిలబడే వేళ అది. "నీచు కంపు. మళ్ళీ రానిస్తే నీ ఉద్యోగం ఉండదు," అని ఆఫీసరు మాణిక్యాన్ని హెచ్చరించాడు. నెత్తిన తట్ట ఎత్తుకున్న చేపలమ్మే ఆడమనిషి బొమ్మనే ఆయన వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చూపిస్తాడు. ఆ రోజు అతిథులకు చూపిస్తుండగానే చేపలమ్మే పున్నమ్మ వచ్చి పకపకా నవ్వింది. "నెత్తిన చుట్టకుదురు లేకుండా తట్టెవరెత్తుకుంటారు మాణిక్యం బావా? మాడు పగిలిపోదూ!" అంటూ తన నెత్తి మీది గుడ్డచుట్ట తీసి చూపించింది. అతిథులు బొమ్మను మళ్ళీ చూశారు. ఆఫీసరు మాణిక్యం వైపు ఉరిమి చూశాడు. "వీళ్ళని ఆపేస్తే ఆ తప్పు మనకెవరు చెప్తారండీ?" అని మాణిక్యం వెళ్ళి ఫ్యాను పున్నమ్మ వైపు తిప్పాడు.