దుర్గ్ వెళ్లి రైలెక్కడం

అటక మీద నుంచి పక్కబట్టలు చుట్టే హోల్డాల్ కిందికి దిగితే చాలు, నా కడుపులో తిప్పడం మొదలయ్యేది. ప్రయాణానికి ఇంకా వారం ఉన్నా సరే. అరచేతులు చెమర్చేవి, అన్నం సహించేది కాదు, బాత్రూముకి వెళ్లి వచ్చిన మరుక్షణం మళ్లీ వెళ్లాలనిపించేది. మా ఇంట్లో దానికి గాభరా అని పేరు. వాంతి రాకుండా పొట్ట మీద న్యూస్‌పేపర్ పెట్టి లంగా బొందు బిగించేవారు. ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టేవారు. దిష్టి తీసేవారు. అమ్మయితే తిట్టేది.

"ఏటే ఆ గాభరా? రైలు నిన్ను తినేస్తాదేటి? ఊళ్లో గుంటలందరూ ఎల్తన్నారు, నీకొక్కదానికే వచ్చిందా?"

తిట్టడంలో మా అమ్మకి అలుపు లేదు. ఇంటి దగ్గర మొదలుపెడితే రైలెక్కేదాకా తిడుతూనే ఉండేది.

మేముండేది భిలాయిలో, మరోదా వైపు ఉక్కు ప్లాంటు క్వార్టర్లో. నాన్న ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. విజయనగరం మీదుగా విశాఖ వెళ్లే మా బండి దుర్గ్‌లో మొదలయ్యేది. మేం ఎక్కేది పవర్‌హౌస్ స్టేషన్లో. దుర్గ్ దానికి వెనక ఉంది, అంటే మేం వెళ్లాల్సిన దిక్కుకి సరిగ్గా ఎదురు దిక్కు. రిజర్వేషన్ దొరకడం కల్ల కాబట్టి మా తెలుగువాళ్లందరిదీ ఒకటే పద్ధతి. ఇంటి మగమనిషి ముందుగా దుర్గ్ వెళ్లి, ఖాళీ బండి ఎక్కి, దుప్పటి పరిచి సీట్లు పట్టాలి. చువ్వలు లేని కిటికీ చూసుకుని అందులోంచి ఎర్ర తువ్వాలు వేలాడదీయాలి. ఆడవాళ్లూ పిల్లలూ సామాన్లతో పవర్‌హౌస్‌లో నిలబడి, తువ్వాలు కనబడగానే పరుగెత్తాలి. బండి అక్కడ ఇలా ఆగి అలా కదిలేది. అందుకని సామాను కిటికీలోంచి, పిల్లలు కిటికీలోంచి, పెద్దవాళ్లు గుమ్మంలోంచి.

ఈ పద్ధతిలో ఒక్కటే లోపం. ప్రతి తెలుగింటివాడూ అదే మార్కెట్లో అదే ఎర్ర తువ్వాలు కొనేవాడు. నాకు తొమ్మిదో పదో ఏళ్లున్నప్పుడు అమ్మ నన్నెత్తి ఒక ఎర్ర తువ్వాలు కిందనుంచి లోపలికి తోసేసింది. లోపల నన్నందుకున్నది నాన్న కాదు. ఆయనెవరో ఆ హడావిడిలో తన పిల్లే అనుకుని లాగేసి, సీట్లో కూర్చోబెట్టాక మొహం చూసి, "ఎవలి గుంటవే నువ్వు?" అన్నాడు. అప్పటికే బండి కదిలింది. అమ్మ వెనక పెట్టెలో నాన్న దగ్గరికి చేరింది. నేను రాయపూర్ దాకా ఆ తెలియనివాళ్ల మధ్య, వాళ్లు చేతిలో పెట్టిన పులిహోర తినకుండా, ఏడవడానికి కూడా భయపడుతూ కూర్చున్నాను. రాయపూర్‌లో నాన్న పెట్టె పెట్టెకీ వెతుక్కుంటూ వచ్చాడు. పెళ్లిళ్లలో ఇది చెప్పుకుని జనం కడుపు చెక్కలయ్యేలా నవ్వేవారు.

ఆ రోజుతోనే నాకు రైలు భయం పట్టుకుందని చెబితే కథ అందంగా ఉంటుంది. కానీ నిజం కాదు. భయం అంతకుముందు నుంచే ఉంది. ఆ రోజు దానికి ఒక సాకు దొరికింది, అంతే. పెద్దయ్యాక పరీక్షలని, క్లాసులని చెప్పి ప్రయాణాలు ఎగ్గొట్టడం నేర్చుకున్నాను. అమ్మానాన్నలు ఊరెళ్తే పక్క క్వార్టర్ అత్త ఇంట్లో పడుకునేదాన్ని. హాయిగా ఉండేది అనలేను. అందరూ వెళ్లిపోయాక మిగిలిపోయినదాని సిగ్గు ఉండేది.

నేను కాలేజీలో ఉండగా ఒకరోజు ఆ అత్త వాళ్ల ఫోనుకి విశాఖ నుంచి కబురొచ్చింది. పెద్దమ్మకి ఎల్లుండి పొద్దున్నే ఆపరేషన్. పెద్దది. 'అప్పా' అని పిలుచుకునే అమ్మకి ఆవిడ అక్క మాత్రమే కాదు, చంకనేసుకుని పెంచిన మనిషి. "చెల్లిని చూసాకే లోపలికెల్తాను" అంటోందట. రాత్రంతా ప్రయాణం, మర్నాటి బండి ఆపరేషన్ వేళకి అందదు. అంటే ఆ సాయంత్రం బండే ఎక్కాలి. నాన్నకేమో ఫర్నేస్ రిపేరుకి ఆపారు, సెలవు మాటే లేదు. అమ్మ ఎప్పుడూ ఒక్కతే రైలెక్కి ఎరగదు.

"నువ్వు తీసుకెల్లగలవేటమ్మా?" అని నాన్న అడిగాడు. అడుగుతున్నంతసేపూ నా మొహం చూడలేదు. నా గురించే బెంగ పడుతున్నాడనుకున్నాను.

నేనొక షరతు పెట్టాను. పవర్‌హౌస్‌లో నిలబడడం నా వల్ల కాదు. ఆ ఎదురుచూపులే నన్ను చంపేసేవి. దుర్గ్ నేనే వెళ్తాను, సీట్లు నేనే పడతాను, అమ్మని అత్త తీసుకొచ్చి ఎక్కించాలి. అత్త బుగ్గలు నొక్కుకుంది. "ఆడపిల్ల ఎల్లి సీటు పడతాదా? ఎక్కడైనా ఉందేటమ్మా?" అంది. అమ్మ మాత్రం ఒక్క మాట తిట్టలేదు. నాకది వింతగా తోచి ఉండాల్సింది, తోచలేదు.

దుర్గ్‌లో బండి ఖాళీగా నిలబడి ఉంది. కిటికీ పక్కన దుప్పటి పరిచి కూర్చున్నాను. నా జన్మలో మొదటిసారి నేను రైలు కోసం ఎదురుచూడలేదు, రైలే నా కోసం ఆగి ఉంది. తీరిగ్గా బాత్రూముకి వెళ్లొచ్చాను. మళ్లీ వెళ్లొచ్చాను. ఎవరూ నవ్వలేదు. పెట్టె ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, ఏ తలుపు గడియ పడుతుందో, ఏ ఫ్యాను తిరుగుతుందో చూసుకున్నాను. జనం ఒక్కొక్కరే వచ్చి నిండుతుంటే ఊపిరాడనట్టు అనిపించలేదు. కడుపులో తిప్పుడు పోలేదు గానీ, నన్ను ఎక్కి తొక్కలేదు. ఇంత చిన్న విషయమా అని నాకు కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్లూ ఎవరైనా నన్ను ముందుగా ఎక్కించి ఉంటే పోయేది కదా.

పవర్‌హౌస్‌లో బండి ఆగక ముందే కిటికీలోంచి సగం బయటికి వంగి "అమ్మా! ఇటు! ఇటు!" అని అరిచాను. అత్త సంచులు అందించింది. హోల్డాల్ అందించింది. అమ్మ గుమ్మం దాకా వచ్చింది, కడ్డీ పట్టుకుంది, అక్కడే ఆగిపోయింది.

మొదట జనం అడ్డొచ్చారేమో అనుకున్నాను. తర్వాత ఆవిడ మొహం చూశాను. పెదాలు తెల్లబడిపోయి, కళ్లు ఎటూ చూడకుండా. ఆ మొహం నాకు లోపలి నుంచి తెలుసు.

"అమ్మా, ఎక్కు!"

"నానెక్కలేనే. నువ్వెల్లిపో. అప్పకి సెప్పు. నానెక్కలేను."

బండి కూత వేసింది. పెద్దమ్మ గుర్తొచ్చింది, ఆపరేషన్ గుర్తొచ్చింది, అయినా జనాన్ని తోసుకుంటూ గుమ్మంలోంచి దూకేశాను. లోపలున్న ఒకావిడ "అరే బేటీ, సామాన్ తో లే లో!" అంటూ కదులుతున్న బండిలోంచి మా సంచులు ఒక్కొక్కటే ప్లాట్‌ఫారం మీదికి విసిరింది. దుప్పటి ఒకటి విశాఖ వెళ్లిపోయింది.

అత్త ఆటో పిలవడానికి బయటికి వెళ్లింది. బెంచీ మీద అమ్మ చెమటలు కక్కుతూ కూర్చుంది. నాకు జాలి కంటే ముందు ఒళ్లు మండిపోయింది.

"నీకు కూడా ఉందా? ఎప్పట్నించి?"

"సిన్నప్పట్నించీ. మీ నాన్న దుర్గెల్లేది నా కోసమేనే. లోపల ఆయనున్నారని తెలిస్తే కళ్లు మూసుకుని ఎక్కీదాన్ని."

"మరి నన్నెందుకు తిట్టావు ఇన్నేళ్లూ?"

అమ్మ పైట చెంగుతో మెడ తుడుచుకుంది. "తిడితే పోతాదనుకున్నాను. నన్నూ మా అమ్మ అలగే తిట్టీది."

పోయిందా మరి అని అడగబోయి ఊరుకున్నాను. అడిగినంత పనయింది, ఆవిడకి అర్థమయింది.

మర్నాడు ఇద్దరం కలిసి దుర్గ్ వెళ్లాం. ఖాళీ బండి ఎక్కించి, ముందు ఆ పెట్టె అంతా నడిపించాను. "ఇదిగో తలుపు, ఇదిగో బాత్రూము, మన సీటు ఇదీ" అని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాను. అమ్మ నా మాటలన్నిటికీ బుద్ధిగా తలూపింది. ఆవిడ నా మాట అలా వినడం నాకు కొంచెం గర్వంగానూ, చాలా బాధగానూ ఉంది. పవర్‌హౌస్‌లో జనం తోసుకుని ఎక్కుతుంటే నా చెయ్యి విరిగిపోయేలా పట్టుకుంది. తర్వాత ఒకరి తర్వాత ఒకరం బాత్రూముకి వెళ్తూ, ఒకరి సీటు ఒకరం కాస్తూ వెళ్లాం. ఒకసారి ఆవిడ లేచేసరికి నేనూ లేచాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. రాయగడ దాటాక అమ్మ నిద్రపోయింది కూడా.

మేం ఆసుపత్రికి చేరేసరికి పెద్దమ్మని లోపలికి తీసుకెళ్లిపోయారు. మధ్యాహ్నం బయటికి తెచ్చారు. బతికింది. సాయంత్రానికి కళ్లు విప్పి మాట్లాడింది. అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, దార్లో కూడబలుక్కున్న మాట చెప్పింది.

"బండి దొరకనేదప్పా."

పెద్దమ్మ అమ్మ మొహంలోకి చూసింది. ఆవిడ గొంతు పీలగా ఉంది, వంగి వినాల్సి వచ్చింది.

"బండి కాదులేవే. నీకు కాళ్లాడి ఉండవు. నాకు తెల్దేటి?" అంది. మళ్లీ తనే, "నన్ను లోపలికి తీసుకెల్తన్నప్పుడు నాకూ కాళ్లాడనేదే. నువ్వుంటే నీ చెయ్యట్టుకుందునని గుమ్మం కేసే చూసాను" అంది.

అందులో నిష్ఠూరం లేదు. అదే భరించలేకపోయాం. అమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుంది. దుప్పటి మీదున్న పెద్దమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఇప్పుడు పట్టుకుని ఏం లాభమని నాకనిపించింది. అమ్మకీ అనిపించే ఉంటుంది. నర్సు వచ్చి ఇంజెక్షన్ చెయ్యాలి తప్పుకోమన్నా అమ్మ ఆ చెయ్యి వదల్లేదు.