పిడుగని రాయొద్దప్పా

మీ ఇంటి మీద పిడుగు పడితే మొదటి ఫోన్ ఎవరికి చేస్తారు, శాంతి చేయించే పూజారికా, ఇన్సూరెన్స్ ఏజెంటుకా? నిరుడు వానల్లో పుంగనూరు రెడ్డెప్ప పూజారికే చేశాడు. శాంతి ముగిశాకే, పాలసీ కట్టించిన నన్ను మదనపల్లె నుంచి పిలిపించాడు.

అది ఆయన అద్దెకిచ్చిన ఇల్లు. పిట్టగోడ ఒక మూల ఎగిరిపోయింది, స్లాబు చీలింది, వైరింగు కాలిపోయింది. షంషాద్ అనే ఆమె కుట్టుమిషన్ పెట్టుకుని అందులో బతుకుతోంది. ఆమె వచ్చాకే పిడుగు పడిందని వీధి తేల్చేసింది. పిడుగు పడిన ఇంటికి తాళం వేసే మూర్ఖత్వం మా వైపు ఇంకా చావలేదు. ఖాళీ చేయమని రెడ్డెప్ప ఆమెకు చెప్పేశాడు కూడా.

"క్లెయిమ్ వేద్దామా, వద్దా?" అని నన్నడిగి, ఆయనే అందుకున్నాడు. "వేస్తే మాత్రం పిడుగని రాయొద్దప్పా. గోడ పాతబడి పడిందని రాయి. వీధికెట్లా తెలిసిపాయ, ఊరంతా తెలిస్తే ఆ ఇంట్లోకి ఎవురొస్తారు?"

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఫైర్ పాలసీ పేరుకే నిప్పుది. పిడుగు నష్టానికీ వర్తిస్తుంది. పాతబడి కూలితే మాత్రం పైసా రాదు. ఈయన చెల్లే కారణాన్ని దాచి, చెల్లని కారణం రాయమంటున్నాడు!

"అబద్ధం రాయను. మేడ మీద ఆ ఇనుప పైపు చూడు. వీధిలో అంత ఎత్తైనది ఇంకోటి లేదు. పిడుగు దాన్ని పట్టుకుని దిగింది. లోపల ఎవరున్నారని అడిగి దిగలేదు," అన్నాను.

"పాపం సేసినోళ్ల ఇంటి మీదే పడతాదంటారు గదా?"

గడపలో నిలబడిన షంషాద్ ఊరుకోలేదు. "ఇల్లు మీదే గదన్నా! అట్లయితే ఆ పాపం ఎవురిది? పిడుగు పడినప్పుడు లోపలుండింది నేను. నాకు లేని భయం మీకు యాల?"

రెడ్డెప్ప తల గోక్కున్నాడు. "సరే, ఉండేది ఉండేట్టే రాయప్పా. నువ్వూ ఈడే ఉండమ్మా," అన్నాడు.

కుప్పం నుంచి సర్వేయర్, అంటే నష్టం అంచనా వేసే మనిషి, వచ్చి పిడుగేనని రాశాడు. క్లెయిమ్ మంజూరైంది. స్లాబు బాగైంది, మేడ మీద పిడుగును నేలలోకి దించే కడ్డీ లేచింది. మొన్న వెళ్తే షంషాద్ మిషన్ చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పటి నుంచి క్లెయిమ్ కోసం వచ్చిన ప్రతి యజమానినీ, అద్దెకున్నవాళ్లను ఏమన్నావని ముందు అడుగుతున్నాను. అద్దెకున్న మనిషిని అపశకునమని మీ ముందు ఎవరైనా అంటే, వాణ్ని అక్కడే ఆపి రుజువు అడగండి. చూపలేకపోతే నోరు మూసుకోమనండి.