అమ్మ పేరుకు సరిపోయే అక్షరాలు

యాభై రెండో ఏట అమ్మ బీఏ పాసయింది. రిజల్టు చూసిన వెంటనే, తాడిపత్రిలో నేను పనిచేసే నేమ్‌ప్లేట్ల షాపుకు ఫోన్ చేసింది. మా గేటు స్తంభానికున్న నల్లరాయి మీద ఇరవై ఏళ్లుగా నాయన పేరు, పక్కన బీఏ, అడుగున ఇంటి నంబరు ఇంగ్లిషులో చెక్కి ఉన్నాయి. నడుమ ఖాళీలో తన పేరు, పక్కన బీఏ చెక్కాలట.

"తర్వాత ఇరికించినట్ల ఉండకూడదు పాపా. ఇద్దరివీ ఒకే రకం అక్షరాలు కావాల."

అదెంత పని అనుకున్నాను. రాతి మీది అక్షరాల కాళ్లకు చిన్న చిన్న పాదాలున్నాయి. టైమ్స్ ఫాంటే అయ్యుంటుందని, అడుగున ఉన్నది కనిపించే బటర్ పేపర్ మీద ప్రింటు తీసుకుపోయాను. అమ్మ పెళ్లయ్యేదాకా ధర్మవరంలో పట్టుచీరలు నేసిన మనిషి. అంచులో ఒక్క పోగు తప్పినా ఆమె కంట పడాల్సిందే. కాగితం రాయికి ఆనించి నా గాలి తీసేసింది.

"మీ నాయన అక్షరాలు బొద్దుగా ఉండాయి. నావి తిండి లేనట్ల ఉండాయి."

మర్నాడు కాంబ్రియా ఫాంటులో ప్రింటు తీసుకెళ్లాను. "లావు సరిపోయింది గానీ, పాదాలు చెక్కపేళ్ల మాదిరి ఉండాయి" అంది. నాకు ఒళ్లు మండింది. అక్షరాలతోనే పొట్ట పోసుకుంటున్న నాకు, మౌస్ ముట్టని మనిషి పాఠం చెప్పడమా! కానీ రాయి మీద ఒకసారి చెక్కితే చెరపలేం. అందుకే కాగితాన్ని మళ్లీ రాయికి ఆనించి, తేడా ఎక్కడో చూపించమన్నాను.

మా గొడవ విని నాయన బయటికొచ్చాడు. "ఆ అంకెలు చూడు, జారి కిందికి పడినాయి. చెక్కినోనితో ఆ పొద్దే కొట్లాడినా. కంప్యూటర్లో అట్లే వచ్చిందన్నాడు."

నిజమే! ఏడు, తొమ్మిది గీత దిగి వేలాడుతున్నాయి. రోజూ ఆ గేటు తీస్తూ నేనెప్పుడూ గమనించలేదు. మా షాపులోని ఫాంట్లలో అంకెల్ని అలా దించేది జార్జియా ఒక్కటే. బండేసుకుని ఉరికాను. కొత్త ప్రింటు ఆనించి చూస్తే ఆర్ కాలు ఆర్ కాలు మీద, బీ పొట్ట బీ పొట్ట మీద అచ్చంగా కూర్చున్నాయి. అమ్మ చప్పట్లు కొట్టింది. నేను నడివీధిలో గంతులేశాను. "ఇద్దరికీ పిచ్చి పట్టిండాది" అంటూ నాయన మాకంటే గట్టిగా నవ్వాడు.

చెక్కడం అయ్యాక, రెండు పేర్లకూ ఒకే డబ్బాలోని తెల్ల రంగు నాయన తానే కూర్చుని నింపాడు.

సాయంత్రం, రోజూ మా గేటు ముందు నుంచే పాలకు పోయే పక్కవీధి ఆమె ఆగి చూసింది.

"ఏమక్కా, నీ పేరు గూడా ఉండాదే! ముందు నుంచీ ఉండిందా, నేనే చూడలేదా?"

అమ్మ నాయన వైపు గానీ నా వైపు గానీ చూడలేదు.

"మొదట్నుంచీ ఉండాదమ్మా" అంది.