చచ్చిన తోడు

పంతొమ్మిది వందల ఎనభై రెండు, ఎండాకాలం. మొగిలమ్మకు ఆ వారమంతా కాలు ఒక్కచోట నిలవలేదు. హసన్‌పర్తి నుంచి పెరుగు గంప నెత్తిన పెట్టుకొని హన్మకొండకు పోవడం, ముంతలు ఖాళీ కాకముందే బస్సెక్కి వెనక్కి రావడం. ప్రాణమంతా ఇంట్లో ఉన్న మనుమరాలు లక్ష్మి మీదే. డాక్టరమ్మ ఇచ్చిన గోలీలకు జ్వరమైతే పోయింది గాని, దాని వెనకే పట్టుకున్న విరేచనాలు పోలేదు. పిల్ల బుగ్గలు లోపలికి పోయాయి.

"ఏదిచ్చినా కాచి ఇయ్యి" అని డాక్టరమ్మ చెప్పింది. మొగిలమ్మ మాట తప్పే మనిషి కాదు. నీళ్లు కాచింది, గంజి కాచింది, చివరికి పెరుగు చిలికిన సల్ల కూడా పొయ్యి మీద పెట్టి తెర్లించింది. నీళ్లొకదిక్కు, ముద్దలొకదిక్కు అయిన ఆ సల్లను పిల్ల మూతి తిప్పుకుంటున్నా తాగించింది.

"అత్తా, అది సల్లనా, చారా? పోపు గూడ వెట్టరాదు" అంది కోడలు సమ్మమ్మ.

"నీకు నవ్వులాటైంది. డాక్టరమ్మ కంటె నీకెక్కువ ఎరుకనా?"

ఆ గాబరాలోనే సాయంత్రం చేతికందిన గిన్నెలోది పాలకు తోడేసింది. తెల్లారి కుండ వంచితే పాలు అంచుదాకా పారాయి. పేరుకోలేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి తోడు తప్పని చేయి అది. గిన్నె వంక చూసింది. పిల్లకు కాచిన సల్ల గిన్నె.

"తోడు సచ్చింది" అని చతికిలబడింది. వెంటనే లేచింది. కుండలో పనిచేయనిది పిల్ల కడుపులో ఏం చేస్తుంది?

పిల్లను చంకనేసుకొని హన్మకొండ దవాఖానకు పోయింది. సంగతి విని డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది.

"ఏదిచ్చినా అంటే నీళ్లు, గంజి అనుకోవాలె గాని సల్ల కాచమన్ననా మొగిలమ్మా? గోలీలు చెడ్డ క్రిములతోపాటు పేగుల్లోని మంచి క్రిములను గూడ చంపుతాయి. పెరుగులో ఉండేవి ఆ మంచి జాతివే. బతికి ఉంటేనే పేగులకు సాయం పడతాయి. కాస్తే చస్తాయి."

"అంటే కడుపుకు గూడ తోడేసుడేనా?"

"అట్లనే అనుకో. ఉప్పు చక్కెర నీళ్లు మాత్రం ఆపకు."

బస్సు దొరికి ఇల్లు చేరేసరికి దీపాల వేళయింది. ఇంట్లో మిగిలిందంతా కాచిన సల్లే, తోడు చుక్క లేదు. చంకలో పిల్లతోనే గిన్నె పట్టుకొని పోయి పక్కింటి భద్రమ్మ గడప బయటే ఆగింది. దీపం పెట్టాక తోడు బయటికి ఇస్తే పాడి పోతుందని ఈ భద్రమ్మనే ఎన్నోసార్లు ఉత్త గిన్నెతో తిప్పి పంపింది తను.

"ఏంది మొగిలక్కా, గీ పొద్దుకు గిన్నె వట్టుకొచ్చినవ్?"

"జర తోడు గావాలె."

"దీపం వెట్టిన గదనే! నా పాడి వోదా?" భద్రమ్మ నవ్వుతూ కావాలనే సాగదీసింది.

"తర్వాత తిట్టుకుందువు గాని. పిల్ల కడుపుకు గావాలె."

భద్రమ్మ నవ్వు ఆగిపోయింది. గిన్నె నిండా పెరుగు వేసింది.

సగం లక్ష్మికి ఆ గడప మీదే తినిపించింది. మిగిలింది గోరువెచ్చటి పాలలో కలిపింది. తెల్లారి కుండ వంచింది. పెరుగు కదల్లేదు. అయినా మనసు కుదుటపడక, ఆ పూట గంప నెత్తికెత్తలేదు. పిల్ల విరేచనాలకు పెరట్లోకి పరుగెత్తడం రోజురోజుకూ తగ్గింది. ఒకనాడు తనే గిన్నె జరిపి, "ఇంకింత వెయ్యి నాయినమ్మా" అంది.

ఆ సాయంత్రం మొగిలమ్మ దీపం పెట్టింది. చిన్న ముంతలో తోడు తీసి గడప పక్కన పెట్టుకుంది. ఎవరైనా అడగడానికి వస్తారేమోనని, కూర్చోలేక, లేచి బజారు వంక చూస్తూనే ఉంది.