బంగార్రాజు బండి కమానులు

బంగార్రాజు దేన్నీ కంటితో చూసి నమ్మడు, చెవితో విని నమ్మడు. కూర్చుని చూసి నమ్ముతాడు. కూర్చోవడమంటే మనందరం కూర్చున్నట్టు కాదు. ముందు పంచె సర్దుకుంటాడు. కాస్త వంగి, ఒంట్లో బరువంతా ఒక్కసారిగా వదిలేస్తాడు. ఆ తర్వాత కళ్లు మూసుకుని పైకీ కిందికీ ఊగుతాడు. వీణ శ్రుతి చేసుకునే విద్వాంసుడిలా తల ఓ పక్కకి వాలుస్తాడు. చివరికి "ఊఁ" అన్నాడంటే ఆ వస్తువు పాసయినట్టు. "ఊహూఁ" అన్నాడంటే దాని బతుకు అంతటితో సరి.

బావమరిది గణపతిరావుకి ఈ సంగతి పెళ్లిచూపుల నాడే తెలిసింది. పెళ్లికొడుకు వస్తున్నాడని పక్కింటి నుంచి ఓ కుర్చీ అడిగి తెచ్చి వేశారు. బంగార్రాజు వచ్చాడు, పంచె సర్దుకున్నాడు, వదిలాడు, ఊగాడు. కుర్చీ కాలు ఒకటి గుమ్మం దాకా వెళ్లింది. తలుపు వెనక నిలబడ్డ పెళ్లికూతురు నూకరత్నం పైకే నవ్వేసింది. కాబోయే అత్తగారు అచ్చియ్యమ్మ మాత్రం నవ్వలేదు.

"ఓలమ్మ! ఈ బాబు పిల్లని సూడ్డానికొచ్చేడా, కుర్సీని సూడ్డానికొచ్చేడా?"

నేల మీంచే జవాబిచ్చాడు బంగార్రాజు. "కుర్సీ బాగులేదు. పిల్ల బాగుంది."

పెళ్లయితే అయింది గానీ అత్తగారు ఆ కుర్చీని ఏ పండక్కీ మరిచిపోలేదు. వడ్డాది సంతలో మంచాలు అమ్మేవాడు బంగార్రాజునే మరిచిపోలేదు. ఓ పూటంతా బంగార్రాజు ప్రతి మంచం మీదా కూర్చుని ఊగుతుంటే వాడు చేతులు జోడించాడు. "బాబూ, కొంటారా, ఇక్కడే కాపరం ఎట్టేస్తారా?"

అటువంటి మనిషి పందొమ్మిది వందల యాభై మూడులో బండి కొన్నాడు.

ఆలోచన గణపతిరావుది. చీడికాడ దగ్గర, కొండల కింద చెరకు తోటల్లో బెల్లం వండుతారు. అక్కడికి లారీ వెళ్లదు. రాళ్లూ, గెడ్డల నీళ్లూ దాటుకుని ఎడ్ల బళ్లే వెళ్లాలి. ఆ దారిలో నడిచే మోటారు బండి ఒకటుంటే బెల్లం పొద్దున్న ఎత్తి సాయంత్రానికి అనకాపల్లిలో దింపొచ్చు. యుద్ధంలో తిరిగిన మిలట్రీ పికప్పులు విశాఖపట్నంలో వేలం వేస్తున్నారని విని బావా బావమరుదులు ఇద్దరూ పొత్తు కలిపి వెళ్లారు. ముందు ముగ్గురు పట్టే సీటు, వెనక ఖాళీ తొట్టె, నాలుగు చక్రాలకీ ఇంజను బలం. బురదలో దిగినా తన్నుకుని పైకొస్తుందని అక్కడివాళ్లు చెప్పారు.

మిగతా బేరగాళ్లందరూ ఇంజను మూత ఎత్తి వాసన చూస్తున్నారు. బంగార్రాజు తిన్నగా వెళ్లి సీటు మీద పడ్డాడు.

"ఇంజను సూడవా బావా?"

"ఇంజను మీద కూకుంటామేటిరా?"

నిలబడ్డ బండిలో సీటు "ఊఁ" అనిపించుకుంది. రోడ్డెక్కాక అసలు స్వరూపం బయటపడింది. చక్రాల మీద బండిని మోసే ఉక్కు పట్టీల కట్టలు, అవే కమానులు, మందుగుండు పెట్టెల బరువుకి తగ్గట్టు కట్టినవి. ఖాళీగా ఉంటే అవి వంగవు, తంతాయి. సబ్బవరం దాటేసరికి గణపతిరావు నోట్లో చుట్ట ఎక్కడ పడిపోయిందో తెలియలేదు. తమ ఊరు చోడవరం చేరేసరికి నోరు ఉందో లేదో తెలియలేదు.

"కమానులు మార్పించాలి," అన్నాడు బంగార్రాజు దిగుతూనే.

"మార్పించాలి మరి. ఇంకో రెండు పట్టీలు ఎక్కువేయిద్దాం. బరువు లాగుతాది."

"ఎక్కువేటి? తీసీడమే. మెత్తగుండాలి."

"మెత్తనెందుకు బావా? బెల్లానికి నడుముంటాదా?"

"ఖాళీగా ఎల్లినప్పుడో?"

"ఖాళీగా ఎల్లినప్పుడు మనిద్దరమే కదేటి."

"మనం మనుసులం కామేటి?"

అక్కడ మొదలైంది తగువు. బండి తీసుకెళ్లి ఊరి చివర కమ్మరి సత్యారావు కొలిమి ముందు పెట్టారు. అది మొదలు ఆ బండి రోడ్డు మీద ఉన్న రోజులకంటే కొలిమి ముందు రాళ్ల మీద ఉన్న రోజులే ఎక్కువ.

మొదట కట్టలోంచి కొన్ని పట్టీలు తీయించాడు బంగార్రాజు. ఖాళీ బండి పల్లకీలా వెళ్లింది. బంగార్రాజు "ఊఁ" అన్నాడు. బెల్లం ఎత్తేసరికి తొట్టె చక్రాల మీద కూలబడింది. దారి పొడుగునా టైర్లు రాసుకుని పొగ. అనకాపల్లిలో వర్తకుడు బెల్లం దిమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేటి గణపతిరావూ, కొత్త రకమా?" అని అడిగాడు. గణపతిరావు సిగ్గుతో చచ్చినంత పనయింది.

తర్వాత ఓ పాత బస్సు కమానులు పట్టుకొచ్చాడు. అవి తన్నలేదు గానీ బండి అటూ ఇటూ తూగడం మొదలెట్టింది. గుమాస్తా అనంతపద్మనాభం గారిని కె.కోటపాడు దాకా దింపుతానని బతిమాలి ఎక్కించుకున్నాడు బంగార్రాజు. ఆయన దారిలోనే ఆపించి దిగిపోయి, రోడ్డు పక్క రాయి పట్టుకుని కాసేపు నిలబడ్డారు.

"ఎలాగుంది పంతులుగారూ?"

"శాస్త్రం ప్రకారం మాకు సముద్ర ప్రయాణం నిషిద్ధం నాయనా," అని ఆయన మిగతా దారంతా నడిచే వెళ్లిపోయారు.

ఆ తర్వాత బండి కమానులు అలాగే ఉంచి, సీటు కింద జట్కా బండి కమానులు బిగించాడు. ఆ రోజు పరీక్షకి గణపతిరావే దొరికాడు. ఓ కల్వర్టు దాటాక ఏదో చెబుదామని పక్కకి తిరిగితే బావమరిది లేడు. బండి వెనక్కి తిప్పుకొచ్చి చూస్తే చెరకు తోటలో కూర్చుని ఉన్నాడు.

"ఎలాగుంది?" అన్నాడు బంగార్రాజు ఆత్రంగా.

"సెరుకు మెత్తగుంది. నీ సీటు కన్నా నయం."

ఇంక ఊళ్లో సంగతి చెప్పక్కర్లేదు. దారిన పోయేవాణ్ని ఆపి ఎక్కించుకోవడం, గతుకుల్లో తిప్పడం, దిగాక "నడుం ఎలాగుంది? నొప్పి కిందనా, మీదనా?" అని నిలదీయడం. వడ్డాది సంతకి నెత్తిన బుట్టలతో నడిచి వెళ్లేవాళ్లు సైతం ఆ బండి చప్పుడు వినిపిస్తే గట్టు దిగి పొలాల్లోకి పోయేవారు. ఊరికే ఎక్కించుకుంటానంటే జనం పరిగెత్తే బండి జిల్లా మొత్తం మీద అదొక్కటే.

ఇంతలో బెల్లం రోజులు దగ్గరపడ్డాయి. బండి సిద్ధంగా లేకపోతే సరుకు ఎడ్ల బళ్లవాళ్లకే ఇచ్చేస్తానని వర్తకుడు కబురు పెట్టాడు. గణపతిరావు తిన్నగా కొలిమి దగ్గరికి వెళ్లాడు. బంగార్రాజు విప్పేసిన కమాను కట్ట మీద కూర్చుని ఊగుతున్నాడు.

"బావా, ఇంక నావల్ల కాదు. పొత్తు ఒగ్గేద్దాం. నీకు కావలిసింది ఒక బండి కాదు, రెండు బళ్లు. బెల్లం మొయ్యడానికొకటి, నడుములు మొయ్యడానికొకటి!"

బంగార్రాజు ఊగడం ఆపేశాడు. అతను ఊగుతూ ఊగుతూ మధ్యలో ఆగడం గణపతిరావు ఎప్పుడూ చూడలేదు.

"ఏటన్నావు?"

"రెండు బళ్లు కొనుక్కోమన్నాను."

"రెండెందుకురా? రెండు కట్టలు! సత్యారావూ, ఇల్రా. కింద పొడుగాటి పల్చటి పట్టీలెయ్యి. ఖాళీగున్నప్పుడు అవే మోస్తాయి. వాటి మీద మిలట్రీ పట్టీలతో పొట్టి కట్ట ఇంకోటి, కాసింత ఎడం ఒగ్గేసి బిగించు. బెల్లం ఎత్తి బండి అణిగినప్పుడే ఆ పై కట్ట తగలాల. అప్పుడు బరువు అది మోస్తాది."

సత్యారావు గెడ్డం గోక్కున్నాడు. "కుదురుతాది బాబూ. పట్టీకీ పట్టీకీ మధ్య గ్రీజెట్టేద్దాం. కిర్రుమనకుండా జారుతాయి."

కుదిరింది. బెల్లం నింపి చూస్తే తొట్టె కూలబడలేదు. ఖాళీగా తిప్పి చూస్తే తన్నలేదు. గణపతిరావు మనసు కుదుటపడింది. కానీ బంగార్రాజు పడనిచ్చాడా?

"ఇంకా మనిసిని ఎక్కించి సూడాల."

"నాను ఎక్కను బావా. నా పెళ్లాం వద్దంది."

"నువ్వొద్దులే. నువ్వు ఎనకాల తొట్టెలో నిలబడు," అని బండి తీసుకెళ్లి గణపతిరావు ఇంటి ముందే ఆపాడు బంగార్రాజు.

అరుగు మీద అచ్చియ్యమ్మ కూర్చుని ఉంది. కూతురు నూకరత్నం పక్కనే చింతపండు పిక్క తీస్తోంది. కొన్నేళ్ల కిందట గెడ్డలో ఎడ్లబండి తిరగబడి అచ్చియ్యమ్మకి నడుం పట్టేసింది. అప్పటినుంచి ఆవిడ ఏ బండీ ఎక్కలేదు. ఎక్కడికైనా నడుం మీద చెయ్యేసుకుని నడిచి వెళ్లగలిగినంత దూరమే. అల్లుణ్ని చూడగానే ఆవిడ మొహం తిప్పుకుంది.

"కుర్సీలేవీ లేవు బాబూ. అన్నీ దాసేసేను."

"కుర్సీ కోసం కాదత్తా. కొత్త కమానులు ఏయించేను. బాగున్నాయని నానంటే ఎవులూ నమ్మడం లేదు."

"మిమ్మల్నెవులు నమ్ముతారు? రాయి మీద కూకున్నా ఊగుతారు మీరు."

"అందుకే వచ్చేను. ఈ ఊళ్లోకల్లా సెడ్డ నడుం నీదే. నీ నడుం బాగుందని సెప్పిందంటే ఇంకెవుడూ మాటాడ్డు." అని కాస్త ఆగి, నిట్టూర్చాడు. "ఏం లాభం? నువ్వెక్కలేవు. నీకు భయం."

"భయమా! నాకా!" అచ్చియ్యమ్మ అరుగు దిగేసింది. "ఒసే నూకరత్నం, ఇయ్యాల మీ ఆయన కమానుల సంగతి తేల్చీసొస్తాను. నా దుప్పటి తే!"

నూకరత్నం లోపలికి వెళ్లి దుప్పటితో పాటు ఓ బట్టల మూట కూడా తెచ్చి తొట్టెలో పెట్టింది. వీధి చివరిదాకా వెళ్లి రావడానికి మూటెందుకో గణపతిరావుకి అర్థం కాలేదు.

బంగార్రాజు నెమ్మదిగా పోనిచ్చాడు. అచ్చియ్యమ్మ తప్పు పట్టడానికి సిద్ధంగా బిగదీసుకు కూర్చుంది.

"అదిగో! గుచ్చింది!"

"అది కమాను కాదత్తా, నీ వక్కల పెట్టి."

వీధి చివర ఆపాడు. "దిగిపోతావా?"

"ఇంతలోకే ఏటి తెలుస్తాది? మంచి రోడ్డు మీద అన్ని బళ్లూ బాగుంటాయి. రాళ్లున్న కాడికి పోనీండి. అప్పుడు సెప్తాను మీ బండారం."

ఊరు దాటింది. రాళ్లొచ్చాయి. బండి ఒకవైపు ఎక్కి ఒకవైపు దిగింది గానీ లోపలున్న మనిషికి ఊయల ఊపినట్టే ఉంది. అచ్చియ్యమ్మ కొంతసేపు తప్పు వెతికింది. తర్వాత వెతకడం మానేసి తోటల్ని చూడడం మొదలెట్టింది. ఎవరి చెరకు ఎంత ఎదిగిందో, ఎవరి గట్టు ఎవరు జరిపారో చెబుతోంది. అలా చెబుతూ చెబుతూ ఒక్కసారి ఆగిపోయింది. ఎదురుగా గెడ్డ.

బంగార్రాజు బండి ఆపాడు. "ఎనక్కి తిప్పేద్దామా అత్తా?"

అచ్చియ్యమ్మ నీళ్లకేసి చూసింది. అవతలి గట్టుకేసి చూసింది. గణపతిరావు తొట్టె అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"తిప్పకండి. దాటించండి."

పికప్పు నీళ్లలోకి దిగింది. గులకరాళ్ల మీద చక్రాలు కరకరలాడాయి, నీళ్లు అటూ ఇటూ విచ్చుకున్నాయి, ముందు చక్రాలు అవతలి గట్టు పట్టుకున్నాయి. అచ్చియ్యమ్మ ఊపిరి వదలడం వెనక తొట్టెలోకి వినిపించింది.

"ఆ కొండ కింద మా సెల్లుంటాది," అంది ఆవిడ, ఎవరికీ తెలియని సంగతి చెబుతున్నట్టు.

అప్పుడు వెలిగింది గణపతిరావుకి. పిన్ని అప్పలనరసమ్మ ఉండేది చీడికాడలో. ఆవిడకి మోకాళ్లు లేవవు, అమ్మకి నడుం లేవదు. ఇంత దగ్గరగా ఉండీ అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏళ్లయింది. బళ్లవాళ్ల చేత ఊరగాయలు పంపుకోవడం, ఊరగాయలో ఉప్పు తక్కువైందని తిట్లు పంపుకోవడం, అంతే. చీడికాడంటే గణపతిరావుకి ఇన్నాళ్లూ బెల్లమే గుర్తొచ్చేది.

అప్పలనరసమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. బండి చప్పుడికి తలెత్తి అక్కని చూసింది.

"అప్పా!"

ఆవిడ లేవలేకపోయింది. అచ్చియ్యమ్మే దిగి, నడుం మీద చెయ్యెయ్యడం కూడా మరిచిపోయి, గబగబా నడిచి వెళ్లి పక్కన కూలబడింది. ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. ఒకేసారి మొదలెట్టారు.

"ఇలాగ సిక్కిపోయేవేటే?"

"నువ్వు లావయ్యేవు."

"మొన్న నువ్వంపిన మాగాయ నోట్లో ఎట్టుకోలేకపోయేము."

"ఎట్టుకోలేని మాగాయ కుండెడూ ఎలాగయిపోయిందే?"

గణపతిరావు బండి పక్కకి వచ్చాడు. "ముందే సెప్పొచ్చు కదా బావా. అమ్మ కోసమంటే నాను ఒక్క మాటైనా అనేవాణ్నా?"

"నీకు సెప్తే మీ అమ్మకి తెలిసిపోతాది. తన కోసమే సేయించేనని తెలిస్తే ఎక్కుతాదేటి ఆవిడ? అల్లుడి సాయం పట్టదు కదరా." బంగార్రాజు కింద కూర్చుని కమాను కట్టకి అంటుకున్న బురద తుడుస్తున్నాడు. "నన్ను తప్పుపట్టడానికైతే కాశీకైనా వస్తాది."

"మా నూకరత్నం అప్పకి తెలుసా?"

"మూట కట్టింది మరెవులనుకున్నావు?"

ఎండ తగ్గుతోంది. తోటలో బెల్లం ఎత్తుకుని అనకాపల్లి చేరాలి. గణపతిరావు వాకిట్లోకి వెళ్లి, "అమ్మా, మరి..." అన్నాడు.

అచ్చియ్యమ్మ చెల్లెలి చేతిలోంచి మిరపకాయల చేట లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. కొడుకుని చూడలేదు. అల్లుణ్ని పిలిచింది.

"అల్లుడుగోరూ, కమానులు పర్వాలేదు. అలాగని ఒక్క రోజుతో తేల్చీకూడదు. వారం పోయేక రండి. ఎనక్కెల్లినప్పుడు ఎలాగుంటాదో అదీ సూడాల."

"సూడాల మరి," అన్నాడు బంగార్రాజు ఎంతో గంభీరంగా, మూట దింపి అరుగు మీద పెడుతూ.

అప్పలనరసమ్మ బండికేసి పైకీ కిందికీ చూసింది. "బాబూ, మా అప్ప నడుం ఏపాటిది? నా మోకాళ్లు అంతకన్నా సెడ్డవి. నన్నెక్కించి సోడవరం దాకా తిప్పితే మీ కమానులకి ఇంకా పేరొస్తాది."

బంగార్రాజు నోరు తెరిచేలోపల గణపతిరావు అందుకున్నాడు.

"వారం దాకా ఎందుకు పిన్నీ? ఇప్పుడే ఎక్కండి, ఇద్దరూ కూకోండి ముందర. నాను తొట్టెలో నిలబడతాను. రాత్రికి మా ఇంట్లోనే భోజనం."

"ఒరే," అన్నాడు బంగార్రాజు, "బెల్లమో?"

"రేపు ఎత్తుదాం బావా. బెల్లమెక్కడికెళ్తాది?" అని గణపతిరావు పిన్ని చంక కింద చెయ్యేసి లేవదీశాడు.